అంకెలు రాయించే ముందు అమరికలు చూపిద్దాం – బాల్వాడి పిల్లల లెక్కల గురించి తల్లిదండ్రులకు



బాల్వాడి అడ్మిషన్లు మొదలైన దగ్గర్నుంచి ఆఫీసులో ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "సార్, మా గల్లీలో నర్సరీకి పోయే పిల్లవాడు అప్పుడే 1 నుంచి 100 దాకా రాస్తున్నాడు. మీ బాల్వాడిలో ఇంకా గవ్వలు, సీసా మూతలు పేర్పిస్తున్నారేంటి? లెక్కలు ఎప్పుడు మొదలుపెడతారు?"

ప్రశ్న న్యాయమైనదే. సోలాపూర్‌లో పవర్‌లూమ్ మీద, బీడీల మీద సంపాదించి పిల్లల్ని చదివించుకునే ఇళ్ళు మనవి. పిల్లవాడికి ఒక్క ఏడాది కూడా వృథా కాకూడదని మీరు అనుకోవడంలో తప్పేమీ లేదు. అందుకే ఒక్కొక్కరికి నిలబడి రెండు ముక్కలు చెప్పే బదులు, అందరికీ కలిపి వివరంగా రాస్తున్నాను.

ముందే సూటిగా చెబుతాను. గవ్వలు పేర్చడమే లెక్కలు మొదలుపెట్టడం. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు అంకెలు రాయడం కంటే ముందు రావలసినవి కొన్ని ఉన్నాయి. అవి వచ్చిన పిల్లలకు అంకెలు రాయడం తర్వాత తొందరగానే వస్తుంది. అవి రాకుండా 100 దాకా రాసిన పిల్లవాడు రెండో తరగతిలో కూడికల దగ్గర ఆగిపోతాడు. ఇంకో మాట. వాటిని నేర్పించడానికి కావలసిన సామాను, భాష రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి.

రాయడం వేరు, లెక్క తెలియడం వేరు

మీ ఇంట్లో నాలుగేళ్ళ పిల్లో పిల్లవాడో ఉంటే ఈ రోజే ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఒక పళ్ళెంలో పదిహేను, ఇరవై చింతగింజలు పోసి "నాకు ఐదు గింజలు ఇవ్వు నాన్నా" అని అడగండి. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పే పిల్లలు కూడా చాలామంది గుప్పెడు గింజలు తీసి చేతిలో పెట్టేస్తారు. వాళ్ళకు ఒకటి, రెండు, మూడు అన్నది ఇంకా పాటలాంటిది. పాట వరస తప్పకుండా వస్తుంది, కానీ ఐదు అంటే ఎంత అన్నది ఇంకా పట్టుబడలేదు. అది ఆ వయసుకు మామూలే, కంగారుపడవలసిన పని లేదు. కానీ ఆ దశలోనే పలక మీద 1 నుంచి 100 రాయిస్తే బొమ్మలు గీయించినట్టే అవుతుంది, లెక్క నేర్పినట్టు కాదు.

రాచెల్ గెల్మన్, చార్లెస్ గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో పిల్లల లెక్కింపు మీద రాసిన పుస్తకంలో, లెక్కపెట్టడం వెనక ఐదు సంగతులు ఉన్నాయని చెప్పారు. టీచర్ల ట్రైనింగులో ఇవి ఇప్పటికీ చెబుతారు. మామూలు మాటల్లో ఇవీ ఆ ఐదు:

1. ఒక వస్తువుకు ఒకే అంకె. ఏ గింజనూ వదలకూడదు, ఏ గింజనూ రెండుసార్లు లెక్కపెట్టకూడదు.
2. అంకెల వరస ఎప్పుడూ ఒక్కటే. ఇవాళ "మూడు, ఐదు, నాలుగు", రేపు ఇంకోలా ఉండకూడదు.
3. చివర చెప్పిన అంకే మొత్తం. "…నాలుగు, ఐదు" అని ఆగితే ఉన్నవి ఐదు అన్నమాట.
4. దేన్నైనా లెక్కపెట్టొచ్చు. గింజలు, మనుషులు, చప్పట్లు, గంట మోతలు, ఏవైనా సరే.
5. ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు.

మూడోది అన్నిటికంటే గట్టి మెట్టు. పిల్లవాడు ఐదు లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే ఇంకా ఆ మెట్టు ఎక్కలేదని అర్థం. తిట్టకండి. మీరు లెక్కపెట్టి "ఒకటి, రెండు, మూడు. మూడు గ్లాసులున్నాయి" అని చివరి అంకెను మళ్ళీ ఒకసారి పలకండి. రోజూ ఇలా వింటూ ఉంటే వాళ్ళకే పట్టుబడుతుంది.

అమరిక అంటే ఏంటి?

ఇప్పుడు గవ్వలు, మూతల సంగతికి వద్దాం. బాల్వాడిలో పిల్లలు చేస్తున్నది అమరికలు పేర్చడం. ఇంగ్లీషులో ప్యాటర్న్ అంటారు, మరాఠీ పుస్తకాల్లో ఆకృతిబంధ్ అని ఉంటుంది. ఎరుపు మూత, పచ్చ మూత, ఎరుపు మూత, పచ్చ మూత అని వరసగా పెడితే అందులో "ఎరుపు–పచ్చ" అన్న ముక్క మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఆ తిరిగొచ్చే ముక్కను కనిపెట్టడమే అసలు పని. అది కనిపెట్టిన పిల్లవాడు తర్వాత ఏది వస్తుందో చూడకుండానే చెప్పగలడు.

ఇందులో లెక్క ఎక్కడుంది అంటారేమో. లెక్కల్లో మొదటి నుంచి చివరి దాకా ఉన్నది అదే. 2, 4, 6, 8 అన్నది ఒక అమరిక. ఐదో ఎక్కంలో చివర 5, 0, 5, 0 అని రావడం ఒక అమరిక. తొమ్మిది తర్వాత పది, పంతొమ్మిది తర్వాత ఇరవై, ఇరవై తొమ్మిది తర్వాత ముప్పై రావడం కూడా అమరికే. పెద్ద తరగతుల్లో బీజగణితం అంటే "ఇందులో ఏది మారుతోంది, ఏది మారడం లేదు" అని చూడడమే. ఎక్కాలు బట్టీ పట్టి మరిచిపోయే పిల్లవాడికి, మరిచిపోయినా మళ్ళీ కట్టుకోగలిగే పిల్లవాడికి తేడా ఇక్కడే ఉంది.

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలను నాలుగేళ్ళ వయసు నుంచి పదకొండేళ్ళ వయసు దాకా గమనించి చేసిన ఒక పరిశోధన 2017లో వచ్చింది. బడికి రాకముందు అమరికలు బాగా పట్టుకున్న పిల్లలు ఐదో తరగతి వయసులో లెక్కల్లో కూడా ముందున్నారని అందులో తేలింది. అమరికలు ఒక్కటే చాలు అని దీని అర్థం కాదు. అది టైంపాస్ ఆట కాదని మాత్రం దీని వల్ల తెలుస్తుంది.

మన ప్రభుత్వ విధానం కూడా ఇదే దారిలో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా చూస్తుంది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడికీ అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు చేయడం రావాలని గురి పెట్టుకుంది. ఈ చిన్న వయసులో ఆట, వస్తువులు, మాట్లాడడం ముందు వస్తాయి, పలక తర్వాత వస్తుంది.

మన ఇళ్ళలో లేని అమరిక ఏది?

ఇంతకు ముందు చెప్పినప్పుడల్లా కొందరు అమ్మలు "మాకేం లెక్కలొస్తయి సార్, మేం చదువుకోలేదు" అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. కొన్ని చూద్దాం.

మగ్గం: సాదా నేతలో పేక పోగు ఒక పడుగు పోగు పైనుంచి, తర్వాతి పోగు కింద నుంచి పోతుంది. రెండో వరసలో అది తిరగబడుతుంది. అంటే పిల్లలు పేర్చే "ఎరుపు–పచ్చ" అమరికే ఇది. పేరు మోసిన మన సోలాపూర్ చద్దర్ల మీద పువ్వులు, బుటాలు జకార్డ్ వల్ల వస్తాయి. చిల్లులు పొడిచిన అట్టలు మాలగా కుట్టి ఉంటాయి. ఏ అట్టలో ఎక్కడ చిల్లు ఉందో దాన్ని బట్టి ఏ పోగులు లేవాలో తేలుతుంది. మాల పూర్తిగా తిరిగాక మొదటి అట్ట మళ్ళీ వస్తుంది, డిజైను మళ్ళీ మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో తెచ్చిన ఈ మగ్గం నుంచే, లెక్కల యంత్రాలకు చిల్లుల కార్డులు వాడే ఆలోచన తర్వాత పుట్టింది. కంప్యూటరుకు దూరపు చుట్టం మన కార్ఖానాలో ఉందన్నమాట.

ఇంట్లో ఉన్న చద్దరు ఒకటి పరిచి "ఈ పువ్వు మళ్ళీ ఎక్కడొచ్చింది? రెండు పువ్వుల మధ్య ఏముంది?" అని పిల్లల్ని అడగండి. వేలు పెట్టి చూపించనివ్వండి. టవల్ అంచు మీద చారలున్నా చాలు.

ముగ్గు: ఎదురు చుక్కల ముగ్గు 7 నుంచి 1 దాకా పెడితే వరసలు 7, 5, 3, 1 అని రెండేసి తగ్గుతాయి. సందు చుక్కల ముగ్గు 7 నుంచి 4 దాకా పెడితే 7, 6, 5, 4 అని ఒక్కొక్కటి తగ్గుతుంది. రోజూ పొద్దున వాకిట్లో మీరు పెట్టేది సంఖ్యల వరసే. చిన్నవాళ్ళకు మూడు చుక్కల ముగ్గు చాలు. చుక్కలు పెట్టేటప్పుడు పైకి లెక్కపెట్టండి, పిల్లల చేత కూడా ఒక వరస పెట్టించండి.

బతుకమ్మ: తంగేడు ఒక వరస, రంగు అద్దిన గునుగు ఒక వరస, బంతి ఒక వరస. మళ్ళీ తంగేడు. పైకి పోయేకొద్దీ ప్రతి చుట్టూ కిందిదాని కంటే చిన్నదవుతుంది. ఇందులో రంగుల అమరిక ఒకటి, తగ్గే అమరిక ఇంకొకటి, రెండూ కలిసి ఉన్నాయి. ఆడేటప్పుడు అడుగు, అడుగు, చప్పట్లు అన్నది మూడో అమరిక, అది చెవికి, కాలికి తెలిసేది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని "ఇప్పుడు ఏ పువ్వు పెట్టాలి?" అని అడిగితే అంతకంటే మంచి పాఠం మా దగ్గర కూడా లేదు.

బీడీల లెక్క: కట్టకు పాతిక. నాలుగు కట్టలు వంద. నలభై కట్టలు వెయ్యి. సాయంత్రం ఇన్ని కట్టలయ్యాయి, వెయ్యికి ఇంకా ఇన్ని కావాలి అని నోటి మీద తేల్చే అమ్మకు లెక్కలు రావని ఎవరన్నారు? గుంపులుగా లెక్కపెట్టడం, మిగిలింది చెప్పడం, ఇవే మేము మూడో తరగతిలో నేర్పేవి. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పిల్లల్ని పొగాకు చాట దగ్గరికి రానివ్వకండి, ఆ పనిలో వాళ్ళ చేయి పెట్టనివ్వకండి. పొగాకు దుమ్ము వాళ్ళకు మంచిది కాదు. మీ లెక్క మాత్రం వాళ్ళకు నేర్పండి. చీపురు పుల్లలు ఐదేసి, పదేసి దారంతో కట్టించండి. అదే పని, అదే లెక్క.

బాల్వాడికి ఖరీదైన సామాను అక్కర్లేదని మన మహారాష్ట్రలోనే చేసి చూపించినవారు తారాబాయి మోడక్. మాంటిస్సోరి పద్ధతిని తీసుకుని, పల్లెల్లో, ఆదివాసి గూడేల్లో దొరికే వస్తువులతోనే ఆమె, అనుతాయి వాఘ్ బోర్డీలో, తర్వాత కొస్‌బాడ్‌లో చిన్నపిల్లల బడులు నడిపారు. మా గవ్వలు, మూతలు ఆ దారిలోవే.

ఎలా నేర్పాలి? ఐదు మెట్లు

అమరికలు నేర్పడానికి ఒక క్రమం ఉంది. బాల్వాడిలో మేము పాటించేది, మీరు ఇంట్లో చేయగలిగింది ఇది.

మొదటి మెట్టు, చూసి పేర్చడం. మీరు చెంచా, గ్లాసు, చెంచా, గ్లాసు, చెంచా, గ్లాసు పెట్టండి. దాని కిందే పిల్లలు అలాగే పెట్టాలి. పెట్టేటప్పుడు పైకి పాడినట్టు చెప్పించండి.

రెండో మెట్టు, ముందుకు సాగించడం. మీరు మొదలుపెట్టిన వరసను వాళ్ళు కొనసాగించాలి. ఇక్కడ పెద్దలు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. చెంచా, గ్లాసు రెండే పెట్టి "తర్వాత ఏంటి?" అని అడగకూడదు. అప్పుడు చెంచా పెట్టినా సరే, ఇంకో గ్లాసు పెట్టినా సరే, తప్పు అనడానికి లేదు. తిరిగొచ్చే ముక్క కనీసం రెండు మూడుసార్లు కనపడ్డాకే అడగాలి.

మూడో మెట్టు, మధ్యలో పోయింది కనిపెట్టడం. వరసలో ఒక వస్తువు మీద గిన్నె బోర్లించి "దీని కింద ఏముంది?" అని అడగండి. దాగుడుమూతల్లా ఉంటుంది, పిల్లలకు చాలా ఇష్టం.

నాలుగో మెట్టు, అదే అమరికను వేరే వాటితో చేయడం. చెంచా–గ్లాసు–గ్లాసు అన్న వరసను చప్పట్లతో ఎలా చేస్తావు? చప్పట్టు–చిటిక–చిటిక. రంగు దారాలతో? ఎరుపు–పచ్చ–పచ్చ. వస్తువులు మారాయి, అమరిక మారలేదు. ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. రెండు రొట్టెలు, రెండు కాకులు, రెండు చప్పట్లు అన్నిట్లో ఉన్నది ఒకే "రెండు" అని గ్రహించే తెలివి, ఈ తెలివి ఒకటే.

ఐదో మెట్టు, సొంతంగా అమరిక చేసి, తిరిగొచ్చే ముక్క ఏదో చూపించడం. "ఇది ఎక్కడ దాకా ఒక ముక్క? ఒక దారం తీసి దాని చుట్టూ పెట్టు" అనండి. పిల్లలు తమ అమరికను మీకు పరీక్షగా పెట్టనివ్వండి. మీరు కావాలని తప్పు పెట్టండి. వాళ్ళు పట్టుకుని సరిదిద్దుతారు, ఇల్లంతా వినపడేలా సంతోషిస్తారు.

ఎప్పుడూ ఒకటి–ఒకటి అమరిక దగ్గరే ఆగకండి. అది వచ్చాక ఒకటి–రెండు, రెండు–రెండు, మూడు వస్తువులతో ఒకటి–ఒకటి–ఒకటి చేయించండి. ఆ తర్వాత పెరిగే అమరికలు. ఒక గింజ, రెండు గింజలు, మూడు గింజలు మెట్లలా పేర్చి "పై మెట్టుకు ఎన్ని కావాలి?" అని అడగండి. సమాధానం సరైనదైనా తప్పైనా "నీకెట్లా తెలిసింది?" అని అడగడం మరవకండి. వాళ్ళు చెప్పే కారణంలోనే లెక్క ఉంటుంది.

లెక్కపెట్టడం తెలుగులోనే ఎందుకు?

ఇది మన ఊళ్ళో మరీ ముఖ్యమైన సంగతి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, హిందీ, బడి గోడ మీద ఇంగ్లీషు వింటారు. అందుకని చాలా ఇళ్ళలో లెక్కలు మాత్రం మొదటి నుంచి ఇంగ్లీషులోనే చెప్పిద్దాం అనుకుంటున్నారు. కాస్త ఆలోచించండి.

తెలుగులో ఇరవై ఒకటి అంటాం. పదులు ముందు, ఒకట్లు తర్వాత. కాగితం మీద 21 అని రాసేటప్పుడు కూడా 2 ముందు, 1 తర్వాత. చెవికి వినపడిన వరసలోనే చేయి రాస్తుంది. మరాఠీలో ఏక్‌వీస్ అంటారు, ఒకటి ముందు వస్తుంది, ఇరవై తర్వాత వస్తుంది. పంచవీస్ అని విన్న పిల్లవాడు 52 అని రాయడం మరాఠీ టీచర్లందరికీ తెలిసిన ఇబ్బందే. ఇరవై తొమ్మిదికి వాళ్ళ మాట ఎకోణ్‌తీస్, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఇంగ్లీషులో కూడా ఫోర్టీన్ అంటే నాలుగు ముందు వస్తుంది, పైగా ఫోర్టీన్, ఫోర్టీ చెవికి ఒకేలా ఉంటాయి.

ఈ ఇబ్బంది వల్లనే 2019లో బాల్‌భారతి రెండో తరగతి గణితం పుస్తకంలో ఏక్‌వీస్ అనే బదులు వీస్ ఏక్ అని పదులు ముందు పెట్టి చదివే పద్ధతి కూడా చేర్చారు. అప్పుడు రాష్ట్రమంతా పెద్ద చర్చ జరిగింది. ఆ గణిత కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్న మంగళా నార్లీకర్ చిన్నపిల్లలకు తేలిక కావాలనే ఈ మార్పు అని వివరించారు. మరాఠీ వాడుక మంచిదా చెడ్డదా అన్నది మన పని కాదు, ప్రతి భాషకూ దాని అందం దానికుంది. కానీ వాళ్ళు కొత్తగా తేవాలని చూసిన సౌకర్యం మన పిల్లలకు పుట్టుకతోనే ఉంది. ఇరవైలో ఇరు, ముప్పైలో మూడు, నలభైలో నాలుగు, అరవైలో ఆరు వినపడుతూనే ఉంటాయి. పదకొండు, పన్నెండు కాస్త తికమక పెడతాయి, అవి దాటితే దారి సాఫీ.

తెలుగులో ఇంకో మేలు కూడా ఉంది. రెండు గ్లాసులు అంటాం, ఇద్దరు పిల్లలు అంటాం. మూడు కుర్చీలు, ముగ్గురు అక్కలు. వస్తువులకు ఒక మాట, మనుషులకు ఒక మాట. పిల్లలకు "ఇంట్లో ఎంతమందిమి? ఎన్ని పళ్ళేలు కావాలి?" అని రెండూ కలిపి అడగండి. నలుగురికి నాలుగు పళ్ళేలు. ఒక మనిషికి ఒక పళ్ళెం జోడీ కట్టడమే పైన చెప్పిన మొదటి సంగతి. జత, జోడు, డజను, పాతిక, అర, పావు, ముప్పావు, ఇవన్నీ ఇంట్లో మీరు వాడే లెక్క మాటలే. పిల్లల ముందు వాడుతూ ఉండండి.

మరాఠీ, ఇంగ్లీషు అంకెల పేర్లు అక్కర్లేదని నేను అనడం లేదు. అవీ కావాలి, మేము నేర్పుతాం. ఐదు అంటే ఎంతో ఒక భాషలో గట్టిగా తెలిసిన పిల్లకు మిగతా భాషల్లో పేరు మాత్రమే నేర్చుకోవలసి ఉంటుంది. ఏ భాషలోనూ ఐదు అంటే ఎంతో తెలియకుండా మూడు భాషల్లో పాట నేర్చుకున్న పిల్లకు ఏదీ చేతిలో ఉండదు. మనం కాపాడుకోవలసింది ఇదే. అమ్మ మాట్లాడే భాషలో లెక్క లేదని పిల్లవాడు ఒకసారి అనుకున్నాడంటే, లెక్కలు తనవి కావని కూడా అనుకుంటాడు.

రోజుకు పదిహేను నిమిషాలు

పని మీద నుంచి వచ్చాక ఓపిక ఉండదని నాకు తెలుసు. అందుకే చిన్న చిన్న ఆటలే చెబుతున్నాను.

పది గళ్ళ ఆట: నేల మీద సుద్దముక్కతో ఒకే వరసలో పది గళ్ళు గీసి 1 నుంచి 10 రాయండి. ఒక చింతగింజను చీల్చి పిక్కలు చేయండి. ఒకటి తెల్లగా పడితే ఒక గడి, రెండు పడితే రెండు గళ్ళు. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు 2008లో ఇలాంటి ఆటనే పేద ఇళ్ళ నాలుగేళ్ళ పిల్లలతో పదిహేను నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడించి చూశారు. ఏ సంఖ్య పెద్దది, ఏది ఎక్కడుంటుంది అన్న తెలివి బాగా పెరిగింది. అంకెల బదులు రంగులు మాత్రమే ఉన్న గళ్ళతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. ఆడేటప్పుడు ఒక కిటుకు ఉంది. గింజ 4 మీద ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అనకుండా గళ్ళ మీద ఉన్నట్టు "ఐదు, ఆరు" అని చెప్పించండి.

వామనగుంటలు: గుంటకు ఒక్కో గింజ వేసుకుంటూ పోవడం కంటే మంచి లెక్కింపు అభ్యాసం లేదు. నానమ్మలకు ఇది వచ్చు. ఆట వాళ్ళ చేతే నేర్పించండి, చిన్నవాళ్ళకు గుంటలు తగ్గించి ఆడించండి.

అష్టాచెమ్మ గవ్వలు: గవ్వలు వేసి, లెక్కపెట్టకుండా చూడగానే ఎన్ని వెల్లకిలా పడ్డాయో చెప్పాలి. మూడు, నాలుగు దాకా చూపుతోనే పట్టుకోవడం పిల్లలకు వస్తుంది.

వంటింట్లో: భాకరీలు దొంతరగా పెట్టేటప్పుడు లెక్క, ఉల్లిగడ్డలు పెద్దవి ఒక బుట్టలో, చిన్నవి ఒక బుట్టలో, ఉతికిన బట్టల్లో ఎవరివి వాళ్ళకు. వేరు చేయడం, పోల్చడం కూడా లెక్కలే.

గింజలు, గవ్వలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలైతే పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. ఈ జాగ్రత్త మరవకండి.

ఎప్పటికి ఎంత రావాలి?

పిల్లలందరూ ఒకేలా ఉండరు. సుమారుగా చెప్పాలంటే, నాలుగేళ్ళ లోపు మూడు వస్తువులు అడిగితే మూడు ఇవ్వడం, ఒకటి–ఒకటి అమరికను చూసి పేర్చడం మంచి గుర్తు. ఐదేళ్ళకు ఐదు నుంచి పది దాకా వస్తువులు సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వడం, అమరికను ముందుకు సాగించడం. ఒకటో తరగతిలో చేరేసరికి ఇరవై దాకా లెక్కింపు, అమరికను వేరే వస్తువులతో చేయడం, అంకెలు గుర్తుపట్టి రాయడం మొదలుపెట్టడం. అవును, రాయడం అప్పుడు మొదలవుతుంది, వేళ్ళలో అప్పటికి బలం కూడా వస్తుంది. ఆరేళ్ళు దగ్గరపడినా మూడు వస్తువులు లెక్కపెట్టడం కష్టంగా ఉంటే, లేదా పిలిస్తే పలకకపోవడం, వస్తువులు కళ్ళకు మరీ దగ్గరగా పెట్టుకోవడం చూస్తే మాతో మాట్లాడండి. ముందు చెవి, కన్ను చూపించాలి.

పక్కింటి పిల్లతో పోల్చి మందలించడం, తప్పు చెప్పినప్పుడు నవ్వడం, "నాకూ లెక్కలంటే భయమే" అని పిల్లల ముందు అనడం, ఈ మూడూ మానేయండి. మిగతాదంతా వాళ్ళే చేసుకుంటారు.

పెద్ద తరగతుల పిల్లలకు

పిల్లలూ, మీ తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో పది గళ్ళ ఆట ఆడించే బాధ్యత మీది. మీకోసం ఒక లెక్క కూడా ఉంది. ఎదురు చుక్కల ముగ్గులో 3 నుంచి 1 దాకా పెడితే మొత్తం 5 చుక్కలు. 5 నుంచి 1 దాకా పెడితే 13. 7 నుంచి 1 దాకా పెడితే 25. గీయకుండా, 9 నుంచి 1 దాకా ఎన్ని చుక్కలో చెప్పండి. ఎలా తెలిసిందో కూడా రాసి మీ గణితం టీచరుకు ఇవ్వండి.

గమనిక

వచ్చే నెల మొదటి శనివారం పాలక్ సభ తర్వాత బాల్వాడి గదిలో ఈ ఆటలన్నీ చేసి చూపిస్తాం. బాల్వాడి, ఒకటో తరగతి పిల్లల అమ్మానాన్నలతో పాటు నానమ్మలు, అమ్మమ్మలు కూడా రావాలి. వచ్చేటప్పుడు కడిగిన సీసా మూతలు, ఖాళీ దారపు కోన్లు, ముక్క మిగిలిన రంగు నూలు, చింతగింజలు, ఏవి ఉంటే అవి తెచ్చి బాల్వాడి టీచరుకు ఇవ్వండి. ఈ ఏడాది బాల్వాడి సామాను మొత్తం మన ఇళ్ళ నుంచే చేర్చుకుందాం.

– ప్రధానోపాధ్యాయుడు